చిన్నపోలయ్య మంచి కళ్ళు

"ఇక మీదట ఊరికే నెల్లూరు దాకా రానక్కర్లేదమ్మా" అని డాక్టర్ హరినాథ్ నవ్వుతూ చెప్పినప్పుడు కామాక్షమ్మకు మెడపట్టి బయటికి గెంటినట్టయింది.

ఆమెది మైపాడు. రేవులో వేలం పాడి బుట్ట నింపుకుని, ఆటో ఎక్కి ఇందుకూరుపేట వీధుల్లో చేపలమ్ముకొచ్చేది. చక్కెర జబ్బు పట్టి చాలా ఏళ్ళయింది. కాళ్ళ తిమ్మిర్లు వచ్చినా, పుండు మానకపోయినా పట్టించుకోని మనిషి, ఒకనాడు తక్కెడ ముల్లు కనపడక నలుగురిలో మాట పడ్డాక గానీ ఆసుపత్రికి పోలేదు. నెల్లూరు పెద్ద కంటాసుపత్రిలో హరినాథ్ ఆమె కళ్ళు చూసి, కంటి వెనక పొరలో నెత్తురు చెమరుస్తోందన్నాడు. కంట్లోకి సూది వెయ్యాలన్నాడు. ఆ మాట విన్నవాళ్ళంతా నోటి మీద చెయ్యేసుకున్నారు. కామాక్షమ్మ మాత్రం ఆయన ముఖం ఒకసారి చూసి, బల్ల మీద పడుకుంది. సూదులయ్యాయి, లేజరయింది, చూపు నిలబడింది. అప్పటి నుంచి ఆయన మాటంటే ఆమెకు వేదం.

రమ్మన్నప్పుడల్లా తొలిబస్సుకే పోయేది. నెల్లూరులో మైపాడు గేటు దగ్గర దిగి, షేరాటోలో ఆసుపత్రికి చేరి, కళ్ళలో చుక్కలేయించుకుని బెంచీ మీద కూర్చునేది. వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కేది. అది ఆమెకు కష్టంగా తోచలేదు. చుట్టాలింటికి పోయినట్టు పోయేది. నర్సులకు ఎండు నెత్తళ్ళ చేపలు పొట్లం కట్టుకుపోయేది.

అలాంటిది ఇప్పుడు రానక్కర్లేదట.

"మీ కళ్ళు నిలకడగా ఉన్నాయి. ఏడాది నుంచి కొత్తగా ఏమీ లేదు" అన్నాడు హరినాథ్. "ఇందుకూరుపేటలో మన ఆసుపత్రి కేంద్రం తెరిచారు. భానుప్రియ అని, కళ్ళ పరీక్షలు చదువుకున్న అమ్మాయి ఉంటుంది. మీకు అక్కడే చుక్కలేసి, కంటి లోపలి ఫోటో తీసి నాకు పంపుతుంది. నేను చూస్తా. తేడా ఉంటే నేనే పిలిపిస్తా."

"అంటే నువ్వు చూడవా సార్?"

"చూస్తానమ్మా. ఇక్కడి నుంచే చూస్తా."

"ఫోటో చూస్తే నన్ను చూసినట్టేనా?"

ఆయన జవాబు చెప్పేలోపే నర్సు తర్వాతి వాళ్ళను పిలిచింది. కామాక్షమ్మ సంచీ చంకన పెట్టుకుని లేచింది. నెత్తళ్ళ పొట్లం ఇవ్వడం కూడా మరిచిపోయింది.

ఇంటికొచ్చాక తోటికోడలు మహాలక్ష్మి ఆ గాయం మీద ఇంకాస్త కారం చల్లింది. "నయమయ్యే జబ్బు కాదని తేలిపోతే పెద్ద డాక్టర్లు అంతేక్కా. చిన్నోళ్ళకి అంటగట్టి చేతులు దులుపుకుంటారు."

"అట్టంటావా?"

"మరి? బాగుండేవాళ్ళని ఎవురన్నా వద్దంటారా?"

చిన్నపోలయ్య గడపలో కూర్చుని వల బాగుచేసుకుంటూ అదంతా విన్నాడు. కామాక్షమ్మ మొగుడు మాటకారి కాడు. బోటు మీద మాత్రం ఆయన మాటే చెల్లేది. నీటి రంగు చూసి చేప ఎటుందో చెప్పగలడని రేవులో పేరు. ఆయనకూ చక్కెర ఉందని ఎప్పుడో ఊళ్ళో పెట్టిన క్యాంపులో తేలింది. మాత్రలు గుర్తుంటే వేసుకునేవాడు, లేకుంటే లేదు. "నాకేంది, గుండ్రాయి మాదిరి ఉండా" అనేవాడు. ఇంట్లో జబ్బు మనిషి కామాక్షమ్మ, గట్టి మనిషి చిన్నపోలయ్య. ఆ లెక్క ఏనాడో కుదిరిపోయింది.

ఆమె పంతం పట్టింది. నెల్లూరికి పోలేదు, ఇందుకూరుపేట కేంద్రానికీ పోలేదు. చేపల బుట్టతో ఆ వీధినే తిరిగేది గానీ, ఎరువుల కొట్టు పక్కనున్న ఆ గది బోర్డు వైపు తల తిప్పేది కాదు. భానుప్రియ ఫోన్ చేసేది. కొత్త నంబరు కదా అని మొదటిసారి ఎత్తింది. ఎవరో తెలిశాక మళ్ళీ ఎత్తలేదు.

చివరికి ఆ పిల్లే వచ్చింది.

పొద్దున వేలం సాగుతుండగా, ఇసక మొదట్లో స్కూటీ ఆపి, చెప్పులు చేత పట్టుకుని నడిచి వచ్చింది. ముప్ఫై లోపు మనిషి. బోట్ల మధ్య నడవడం అలవాటు లేదని అడుగుల్లోనే తెలుస్తోంది.

"కామాక్షమ్మ గారంటే మీరేనా?"

"వంజరం కావాలా?"

"చేపలకి రాలేదు పెద్దమ్మా. నేను భానుప్రియని. ఫోన్ చేస్తా ఉంటే మీరు ఎత్తడం లేదు."

"ఓహో, కళ్ళజోళ్ళ పాపవా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. ఆ పిల్ల కూడా కాస్త నవ్వింది. "కళ్ళజోళ్ళు కూడా ఇస్తా. మీరు రావాల్సిన గడువు దాటిపోయింది పెద్దమ్మా."

"నా డాక్టరే నన్ను రావద్దన్నాడు. ఇంక నాకు ఎవురూ అక్కర్లేదు."

"రావద్దని యాడన్నాడు? ఫోటోల గురించి ఆయనా నేనూ మాట్లాడుకునేటప్పుడల్లా ముందు మిమ్మల్నే అడుగుతాడు, మైపాడు కామాక్షమ్మ వచ్చిందా అని. రాలేదు సార్ అని చెప్పి చెప్పి నాకే సిగ్గుగా ఉంటా ఉంది."

కామాక్షమ్మ చెయ్యి బుట్ట మీద ఆగింది. "పేరు పెట్టి అడిగినాడా?"

"పేరు పెట్టే. ఎండు నెత్తళ్ళు తెచ్చే ఆమె అని కూడా అన్నాడు."

కామాక్షమ్మ వెంటనే మెత్తబడితే ఆమె కామాక్షమ్మ ఎందుకవుతుంది? "చూద్దాంలే, ముందు బేరం చూసుకోనీ" అని ముఖం తిప్పుకుంది. కానీ ఆ రోజంతా బుట్ట బరువు తెలియలేదు. రాత్రి అన్నం పెడుతూ మొగుడితో అంది, "రేపు నువ్వూ రా. చుక్కలేస్తే నాకు దోవ కనపడదు."

"మాల్యాద్రిని బోటు దగ్గరికి రమ్మన్నానే" అని చిన్నపోలయ్య నసిగాడు. మాల్యాద్రి ఆయన బోట్లో వాటాదారు.

"మాల్యాద్రి ఎక్కడికీ పోడు. రా."

కేంద్రం అంటే ఒకే గది. గోడకు అక్షరాల పటం, మూల ఒక మిషను, దాని ముందు గడ్డం ఆనించుకునే పీట. కామాక్షమ్మ లోపలికి వచ్చి తనిఖీకి వచ్చిన అధికారిలా నాలుగు మూలలూ చూసింది. నెల్లూరు ఆసుపత్రి అద్దాల తలుపులు గుర్తుకొచ్చాయి. ఈ గదిలో, ఈ పిల్ల తీసే ఫోటోతో తన కళ్ళ సంగతి తేలుతుందా? అప్పుడు ఆమెకొక ఉపాయం తోచింది.

"ముందు ఈయనకి తియ్యి పాపా. ఈయన కళ్ళు మంచివి. మంచి కళ్ళని మంచివని చెప్తుందో లేదో చూద్దాం, నీ మిషను."

భానుప్రియకు కోపం రాలేదు. "పెదనాయనకి కూడా షుగర్ ఉందా?"

"ఉందిలే, కొంచెం" అన్నాడు చిన్నపోలయ్య. "నాకెందుకు మే ఇదంతా? బయట కూచుంటా, నువ్వు చూపించుకుని రా." అప్పటికే లేచి నిలబడ్డాడు.

"కూచో. చుక్కలకే అంత భయమా?"

ఆడపిల్ల ముందు భయమన్నాక కూర్చోక తప్పలేదు. పటంలో మూడు కాళ్ళ గుర్తు ఎటు తిరిగుందో చేత్తో చూపించమంది భానుప్రియ. ఎడమ కన్ను మూయించి అడిగితే, పై వరసలు గబగబా చెప్పి, కింది వరసల్లో తడబడ్డాడు. వయసు కదా అనుకుంది కామాక్షమ్మ. తర్వాత కుడి కన్ను మూయించింది.

చిన్నపోలయ్య చెయ్యి ఒడిలోంచి లేవలేదు.

"పై గుర్తు చెప్పండి పెదనాయనా. అన్నిటికంటే పెద్దది."

"ఈ గదిలో వెలుతురు చాలదు."

"ఏందయ్యా ఎగతాళి, తలుపంత గుర్తు అది" అని కామాక్షమ్మ నవ్వింది. నవ్వి, ఆయన ముఖం చూసింది. ఆయన గోడ వైపు కూడా చూడటం లేదు. గోడకూ కిటికీకీ మధ్య ఎక్కడో చూస్తూ, పెదవులు బిగించుకుని కూర్చున్నాడు.

భానుప్రియ మరి అడగలేదు. ఆయన పక్కకు స్టూలు జరుపుకుని, ఇద్దరికీ చుక్కలేసింది. కాసేపాగి ఆయన్ను మిషను ముందు కూర్చోబెట్టింది. తన కళ్ళ ఫోటోలు కామాక్షమ్మ నెల్లూరులో చూసింది. నారింజ రంగు చందమామలా ఉంటుంది, దాని మీద ఏటి పాయల్లా నరాలు. చిన్నపోలయ్య కుడి కంట్లో ఆ చందమామ నిండా ఎర్రటి మచ్చలు, ఒక పక్క చిక్కుపడ్డ దారపు ఉండలా సన్నటి నరాలు. ఎడమ కంట్లో చందమామే లేదు. వరద నీళ్ళలా ఎర్రటి బురద.

భానుప్రియ మళ్ళీ తీసింది. మూడోసారీ తీసింది. తర్వాత ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి పోయింది. "సార్, కామాక్షమ్మ గారి ఇంటాయన" అనడం వినిపించింది. మిగతా మాటలు తక్కువ గొంతుతో మాట్లాడింది.

తిరిగి వచ్చి వాళ్ళిద్దరి ఎదురుగా కూర్చుంది. "పెదనాయనా, ఎడమ కంట్లో నెత్తురు దిగింది. కుడి కంట్లో కూడా అదే దోవలో కొత్త నరాలు పుట్టుకొస్తా ఉండాయి. అవి చిట్లకముందే లేజర్ కొట్టాలి. అది నా చేతుల్లో అయ్యే పని కాదు. డాక్టర్ గారు ఫోటోలు చూసినాడు. రేపు పొద్దున్నే రమ్మన్నాడు."

"రేపా?" అంది కామాక్షమ్మ. ఆమెకు మొదటిసారి వంతు దొరకడానికి ఎన్ని తిరుగుళ్ళు తిరగాల్సి వచ్చిందో గుర్తుంది.

"రేపే. నేను చెప్పి పెట్టినా."

ఆ తర్వాత ఆమె కళ్ళ ఫోటోలూ తీసింది. నావి ఉండనీలే అంటే వినలేదు. కాసేపటికి హరినాథ్ దగ్గర్నుంచి కబురొచ్చింది: కామాక్షమ్మ కళ్ళు బాగున్నాయి, ఏ మార్పూ లేదు, ఆరు నెలలకి అక్కడే చూపించుకోమను. తను కోరి వచ్చిన మాట అదే. కానీ అది విని సంతోషించేందుకు ఆమెకు మనసు మిగల్లేదు.

బయట ఎండ. చుక్కలేసిన కళ్ళకు వీధంతా తెల్లగా మండుతోంది. ఎరువుల కొట్టు అరుగు మీద ఇద్దరూ కొంగూ తువ్వాలూ అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

"ఎన్నాళ్ళుగా?" అంది కామాక్షమ్మ.

"ముందు నల్లగా పోగులు పోగులుగా ఆడేవి. సాలెగూడు పట్టినట్టు. తర్వాత పొగ కమ్మింది. వానాకాలం పోయినప్పటి నుంచి ఈ కన్ను చీకటే."

"నాకు చెప్పలేదే."

"నీ కళ్ళకే తిరగలేకపోతిమి. నాది కూడా చెప్పుంటే బోటు ఎవురు నడుపుతారు? రెండో కన్ను ఉంది గదా అని ఊరుకున్నా. మొన్న బోటుని పక్కోళ్ళ వల మీదికి ఎక్కించినా. ఎడమ పక్క తెప్ప కనపడలేదు. మాల్యాద్రి చూసి అరిచినాడు కాబట్టి సరిపోయింది. ఆ తెప్ప మీద మనిషి ఉన్నాడు."

కామాక్షమ్మ నోటికి వచ్చిన తిట్లన్నీ మింగింది. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో కళ్ళ గురించి మాట్లాడే హక్కు తనొక్కదానికే ఉన్నట్టు మెలిగింది. చుక్కల రోజున తల నొప్పంటే ఆయనే నీళ్ళు తోడేవాడు, ఆయనే పొయ్యి రాజేసేవాడు. ఒంటి కన్నుతోనే చేశాడు అవన్నీ. ఆమె కొంగుతో తన ముఖం తుడుచుకుని, తర్వాత ఆయన ముఖం తుడిచింది. నడి వీధిలో ఏందిది అని ఆయన తల వెనక్కి లాక్కున్నాడు.

మర్నాడు ఆసుపత్రిలో హరినాథ్ ఆయన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టలేదు. భానుప్రియ పంపిన ఫోటోలు అప్పటికే ఆయన ముందు తెరిచి ఉన్నాయి. కుడి కంటికి ఆ పూటే లేజర్ మొదలుపెడతానన్నాడు. ఎడమ కంటికి ఆపరేషన్ చెయ్యాలి. ముందు చక్కెర అదుపులోకి రావాలి.

"చూపు వస్తుందా సార్?" అని అడిగింది కామాక్షమ్మ.

"కుడిది నిలబెట్టగలనని నమ్మకం ఉంది. ఎడమది ఎంత వస్తుందో ఇప్పుడు చెప్పలేను. ముందే వచ్చుంటే..." అని ఆగి, చీటీ రాయడం మొదలుపెట్టాడు.

చిన్నపోలయ్యను లేజర్ గదిలో సిద్ధం చేస్తుండగా, ఆమె గుమ్మంలో నిలబడి అడిగింది. "నిన్న చెప్తే ఈ పొద్దుకి ఎట్టా కుదిరింది సార్? నాకు అప్పట్లో ఎన్నాళ్ళో పట్టింది."

"ఇదివరకు ఈ బెంచీల మీద సగం మంది మీలాగా కళ్ళు నిలకడగా ఉన్నవాళ్ళేనమ్మా. ఏ మార్పూ లేదని చెప్పడానికే నాకు మధ్యాహ్నం దాటేది. ఇలాంటి వాళ్ళు వెనకబడిపోయేవాళ్ళు. ఇప్పుడు ఆ పరీక్షలు భానుప్రియ లాంటి వాళ్ళు ఊళ్ళలోనే చేస్తున్నారు కాబట్టి నాకు చెయ్యి ఖాళీ అయింది." ఆయన ఆమె వైపు తిరిగాడు. "మిమ్మల్ని వద్దనుకుని పంపలేదు. ఆ రోజు ఇంకాస్త కూర్చోబెట్టి చెప్పాల్సింది. తొందరలో చెప్పలేదు."

కామాక్షమ్మ బెంచీ మీదికి వచ్చి కూర్చుంది. కొడవలూరు నుంచి వచ్చిన ఒక రైతు గుర్తుకొచ్చాడు. ఒకసారి ఇదే బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాడు. కంటి ముందు నల్లగా ఏదో ఆడుతోందన్నాడు. కోత మిషను వస్తుందని, ఇంక ఆగలేనని, వంతు రాకముందే లేచిపోయాడు. ఆ పూట ఆయన కంటే ముందు లోపలికి పిలిచింది ఆమెనే. హరినాథ్ ఆమె కళ్ళు చూసి, అంతా బాగుందని చెప్పి పంపాడు. ఆ రైతు పేరు కూడా ఆమె అడగలేదు. మళ్ళీ వచ్చాడో లేదో.

లేజర్ కొన్ని విడతలుగా సాగింది. కుడి కన్ను నిలబడింది. వేసవి దాటాక ఎడమ కంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన రోజున చిన్నపోలయ్య కుడి కంటి మీద చెయ్యి పెట్టుకుని భార్య వైపు చాలాసేపు చూశాడు.

"ఏం కనపడతా ఉంది?"

"నువ్వున్నావని తెలస్తా ఉంది. పచ్చ చీర. ముఖం తెలవడం లేదు."

"ముఖం చూసి చూసి ఉన్నావులే" అంటూ ఆయనకు దగ్గరగా జరిగింది.

అంతకు మించి ఆ కన్ను తేరుకోలేదు. ఆయన బోటు చుక్కాని మాల్యాద్రికి అప్పగించాడు. ఆ మాట ఆయనే రేవులో నలుగురిలో చెప్పాడు. మొదట్లో బోట్లు కదిలే వేళకు ఇంట్లో ఉండలేక, ఒడ్డున ఉండలేక, రొయ్యల గుంటల గట్ల వెంట ఊరికే నడిచొచ్చేవాడు. అన్నం సయించేది కాదు. కామాక్షమ్మ మాత్రలు చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడేది. కొన్నాళ్ళకు ఒడ్డున నిలబడి తాళ్ళతో అలివి వల లాగే గుంపులో చేరాడు. పొద్దెక్కాక, వెలుతురులో చేసే పని. తాడు పట్టుకోవడానికి ఒక కన్ను చాలన్నాడు.

ఇప్పుడు ఇద్దరూ ఇందుకూరుపేట కేంద్రానికే పోతున్నారు. ఎడమ కన్ను కోసం ఆయన మధ్యమధ్య నెల్లూరు పోతాడు. మిగతాదంతా భానుప్రియే చూస్తుంది. మహాలక్ష్మి మొదట వెక్కిరించింది. ఆమెకూ చక్కెర ఉంది. కామాక్షమ్మ ఆమెతో వాదం పెట్టుకోలేదు. ఒకనాడు చేపల ఆటోలో బుట్ట పక్కన కూర్చోబెట్టుకుని తీసుకుపోయి, ఆ గదిలో దించి, అమ్మకానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఆమె కళ్ళు బాగున్నాయని తేలింది. దోవ పొడుగునా మహాలక్ష్మి, ఈ మాత్రం దానికి పొద్దంతా పోయిందే అని సణుగుతూనే ఉంది.

మొన్నామధ్య వాళ్ళు వెళ్ళిన రోజున హరినాథ్ అక్కడే ఉన్నాడు. నెలకోసారి తనే ఊళ్ళకి వచ్చి, అనుమానం ఉన్నవాళ్ళను చూసిపోవడం మొదలుపెట్టాడట. ఆ చిన్న గదిలో ఆయన మోకాళ్ళు బల్లకు తగులుతున్నాయి.

"రండి కామాక్షమ్మా, ఈ రోజు నేనే చూస్తా" అన్నాడు.

"నాకు పాప చాల్లే సార్" అంది కామాక్షమ్మ. "నువ్వు ఆయన్ని చూడు. బయట ఇంకా మనుషులు ఉండారు."

భానుప్రియ చుక్కల సీసా తీసుకుని వచ్చి, పెద్దమ్మ తల వెనక్కి వాల్చింది. చుక్కలు చల్లగా మండాయి. కామాక్షమ్మ కళ్ళు మూసుకుని గోడకు ఆనుకుంది. తెర మీద చిన్నపోలయ్య ఫోటోలు చూస్తూ హరినాథ్, భానుప్రియ మాట్లాడుకోవడం వినపడుతోంది.

"ఎడమది?"

"పోయినసారి మాదిరే ఉంది సార్."

"కుడిది చూపించు. ఈ మూల ఏంటిది, కొత్తదా?"

"కాదు సార్. పాతదే. పోయినసారిది పక్కన పెట్టి చూసినా."

హరినాథ్ కుర్చీ తెర దగ్గరికి జరిగిన చప్పుడైంది. కామాక్షమ్మ మూసిన కళ్ళతోనే తల అటు తిప్పింది.

"అవును, పాతదే" అన్నాడు ఆయన. "పెద్దాయనా, బాగుంది. మళ్ళీ ఇక్కడికే రండి."